రికార్డింగ్ ఉంది, తెరుచుకోవడం లేదు

టీవీ కార్యక్రమాలను ఇంట్లో రికార్డు చేసుకోవడం గురించి కొన్నాళ్లుగా వస్తున్న ఉత్తరాలను ఒకచోట చేర్చి, ఈసారి శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయించాము. ఒకే సందేహం నాలుగైదు ఉత్తరాలలో కనిపించినప్పుడు వాటిలో వివరంగా రాసిన ఉత్తరాన్ని తీసుకున్నాము.

ప్రశ్న: నేను సాయంత్రం షిఫ్టులో పనిచేస్తాను. నాకిష్టమైన సంగీత కచేరీలు, చర్చా కార్యక్రమాలు సరిగ్గా నేను ఇంట్లో లేని వేళలోనే వస్తాయి. రికార్డింగ్ సదుపాయం ఉన్న సెట్ టాప్ బాక్సు తీసుకోమని కనెక్షన్ ఇచ్చినవారు చెబుతున్నారు. టీవీ వెనక పెన్ డ్రైవ్ పెడితే చాలునని మా తమ్ముడు అంటాడు. పాత కంప్యూటర్‌కు టీవీ ప్రసారాన్ని పట్టే ట్యూనర్ తగిలిస్తే అన్నిటికన్నా మేలని మా అబ్బాయి పట్టుబడుతున్నాడు. వీరిలో ఎవరి మాట వినమంటారు?

జవాబు: ముగ్గురూ చెప్పినది నిజమే, కానీ ముగ్గురూ అడగవలసిన మొదటి ప్రశ్నను దాటవేశారు. మీరు చూసే ఛానెళ్లు మీ ఇంటికి తాళంతో వస్తున్నాయా, తాళం లేకుండా వస్తున్నాయా? చందా కట్టి చూసే ఛానెళ్లు దాదాపు అన్నీ ఎన్‌క్రిప్షన్ అనే తాళంతో బయలుదేరుతాయి, ఆ తాళం తీసే చెవి మీ బాక్సులోనో, అందులో పెట్టిన కార్డులోనో ఉంటుంది. యాంటెన్నా ద్వారాగానీ డిష్ ద్వారాగానీ ఉచితంగా అందే ఛానెళ్లకు సాధారణంగా ఈ తాళం ఉండదు. మీ అబ్బాయి చెప్పిన ట్యూనర్ తాళం లేని ఛానెళ్లను మాత్రమే పట్టుకోగలదు కాబట్టి, మీరు మామూలుగా చూసే పది ఛానెళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసి, వాటిలో ఏవి ఉచితమో, ఏవి చందావో గుర్తు పెట్టుకోండి. సగం నిర్ణయం ఆ కాగితం మీదే జరిగిపోతుంది.

ఇక బొమ్మ నాణ్యత సంగతి. వీడియో క్యాసెట్ల కాలంలో యంత్రం టీవీ సిగ్నల్‌ను టేపు మీద తిరగరాసేది కనుక అసలు ప్రసారం కంటే రికార్డింగ్ ఎప్పుడూ కొంత వెలసినట్లు ఉండేది. డిజిటల్ ప్రసారంలో పద్ధతి వేరు. బొమ్మను, ధ్వనిని ప్రసారకర్తే ముందుగా కుదించి, 188 బైట్ల చొప్పున చిన్న చిన్న ప్యాకెట్లుగా కట్టి పంపుతాడు, రికార్డర్ ఆ ప్యాకెట్లను వచ్చినవి వచ్చినట్లు డిస్కులో పేర్చుకుంటుందే తప్ప బొమ్మను ముట్టుకోదు. అందువల్ల తక్కువ ఖరీదు బాక్సు చేసిన రికార్డింగుకు, ఖరీదైన బాక్సు చేసిన రికార్డింగుకు బొమ్మలో తేడా ఉండదు. అట్టపెట్టె మీద నాణ్యత గురించి రాసిన పెద్ద అక్షరాలకు విలువ ఇవ్వకండి. ఎన్ని ట్యూనర్లు ఉన్నాయి, కార్యక్రమాల గైడ్ ఎంత నమ్మకమైనది, అన్నిటికన్నా ముఖ్యంగా రికార్డు చేసిన ఫైలు ఆ బాక్సు బయట తెరుచుకుంటుందా అన్న మూడింటిలోనే తేడా ఉంది.

కనెక్షన్ ఇచ్చినవారి బాక్సులో సుఖం చాలా ఉంది. గైడ్‌లో కార్యక్రమం పేరు మీదకు వెళ్లి ఒక బటన్ నొక్కితే చాలు, సీరియల్ మొత్తాన్ని రికార్డు చేయమంటే రోజూ తనే చేసుకుంటుంది, ఇంట్లో పెద్దవారు కూడా అదే రిమోట్‌తో చూసుకోగలరు. 1999లో టివో, రీప్లే టీవీ అనే యంత్రాలు అమెరికాలో మొదలుపెట్టిన ఈ పద్ధతి అప్పటినుంచి పెద్దగా మారలేదు, మారవలసిన అవసరమూ కనిపించలేదు. కానీ ఆ బాక్సు రికార్డు చేసిన ప్రతి ఫైలుకూ తన సొంత తాళం వేస్తుంది, ఆ చెవి ఆ ఒక్క బాక్సులోనే ఉంటుంది.

ఈ మాట నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మా మేనమామ ఒకసారి టీవీలో ఒక చర్చా కార్యక్రమంలో ఇరవై నిమిషాలు మాట్లాడారు. ఆ కార్యక్రమాన్ని బాక్సుకు తగిలించిన హార్డ్ డిస్కులో రికార్డు చేసి, ఇంటికి వచ్చిన వారందరికీ చూపించేవాళ్లం. ఒక ఉరుముల రాత్రి తర్వాత ఆ బాక్సు మళ్లీ వెలగలేదు. డిస్కుకు ఏమీ కాలేదు కదా అన్న ధీమాతో అదే కంపెనీ, అదే మోడల్ కొత్త బాక్సు తెప్పించి తగిలిస్తే, ఈ డిస్కును ఫార్మాట్ చేయమంటారా అని అడిగింది. వద్దని చెప్పి డిస్కును కంప్యూటర్‌కు తగిలించాను. ఫైలు కనిపించింది, తేదీ సరిగ్గా ఉంది, సైజు సుమారు 600 ఎంబీ ఉంది. ప్లే చేస్తే నల్లని తెర, దాని మధ్యలో ఫైలును గుర్తించలేకపోతున్నామన్న ఒక వాక్యం కనిపించాయి. మామయ్య పోయి చాలా ఏళ్లైనా ఆ డిస్కు ఇప్పటికీ మా బీరువాలోనే ఉంది.

అందుకని, ఎన్నేళ్లైనా దాచుకోవాలనుకున్న కార్యక్రమం తాళం లేని ఛానెల్‌లో వస్తే, మీ అబ్బాయి చెప్పిన దారికే నేను ఓటు వేస్తాను. కంప్యూటర్‌కు యూఎస్‌బీ ద్వారా తగిలించే ట్యూనర్‌గానీ, ఇంటి వైఫై రౌటర్‌కు కలిపి అన్ని గదులకూ టీవీని అందించే నెట్‌వర్క్ ట్యూనర్‌గానీ తీసుకుని, టీవీహెడ్‌ఎండ్, నెక్స్ట్‌పీవీఆర్, మిత్‌టీవీ, జెల్లీఫిన్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లలో ఒకదానితో రికార్డు చేసుకోవచ్చు. రికార్డింగ్, ప్యాకెట్లను వచ్చినట్లే పేర్చిన మామూలు టీఎస్ ఫైలుగా వస్తుంది, దాన్ని వీఎల్‌సీ ప్లేయర్ ఉన్న ఏ కంప్యూటర్‌లోనైనా తెరవవచ్చు, కావలసినన్ని నకళ్లు తీసుకోవచ్చు. ఈ టీఎస్ పద్ధతిలో మరొక గుణం ఉంది. రికార్డింగ్ మధ్యలో కరెంటు పోతే అప్పటివరకు వచ్చిన భాగం దాదాపు చెక్కుచెదరకుండా ఉంటుంది. మామూలు ఎంపీ4 ఫైలు అయితే లోపల ఏది ఎక్కడుందో చెప్పే సూచిక చివరన చేరుతుంది కాబట్టి, సగంలో ఆగిపోతే మొత్తం ఫైలే తెరుచుకోకపోవచ్చు.

ట్యూనర్ కొనేముందు మీ ప్రాంతంలో ప్రసారం ఏ పద్ధతిలో జరుగుతోందో తప్పక తెలుసుకోండి. యాంటెన్నా ప్రసారానికి చాలా దేశాలలో డీవీబీ-టీ, డీవీబీ-టీ2, అమెరికాలో ఏటీఎస్‌సీ, జపాన్, బ్రెజిల్ దేశాలలో ఐఎస్‌డీబీ-టీ వాడుకలో ఉన్నాయి. డిష్‌కు డీవీబీ-ఎస్, డీవీబీ-ఎస్2 ఉన్నాయి. పాత డీవీబీ-టీ ట్యూనర్ కొత్త డీవీబీ-టీ2 ప్రసారాన్ని పట్టలేదు, చౌకగా దొరికే ట్యూనర్లలో చాలా వరకు ఈ కారణంగానే చౌక.

కంప్యూటర్ దారిలో ఉన్న చిక్కును కూడా చెప్పాలి. దాన్ని ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. ఛానెల్ వేరే ఫ్రీక్వెన్సీకి మారినప్పుడు మళ్లీ స్కాన్ చేయాలి, అప్‌డేట్ వచ్చి కంప్యూటర్ తనంతట తాను రీస్టార్ట్ అయిన రోజున కచేరి పోతుంది. చదువుకో ఉద్యోగానికో మీ అబ్బాయి ఇల్లు విడిచి వెళితే ఆ పని మీకు వస్తుందా, వచ్చినా చేసే ఓపిక ఉందా అని నిజాయితీగా ఆలోచించుకోండి. ఓపిక లేదనుకుంటే బాక్సే తీసుకోండి, అందులో చిన్నతనమేమీ లేదు. చూసి చెరిపేసే కార్యక్రమాలకు బాక్సు, దాచుకునేవాటికి కంప్యూటర్ అని రెండూ పెట్టుకున్న ఇళ్లు నాకు తెలుసు, మా ఇల్లూ వాటిలో ఒకటి. తమ్ముడు చెప్పిన పెన్ డ్రైవ్ సంగతి తరువాతి ఉత్తరంలో ఉంది.

ప్రశ్న: మా టీవీకి ఉన్న యూఎస్‌బీ పోర్టులో పెన్ డ్రైవ్ పెట్టి ఒక పిల్లల కార్యక్రమాన్ని రికార్డు చేశాను. టీవీలో బాగానే కనిపిస్తోంది. ల్యాప్‌టాప్‌లో పెడితే పెన్ డ్రైవ్ ఖాళీగా ఉందని, ఫార్మాట్ చేయమని అడుగుతోంది. నా పెన్ డ్రైవ్ చెడిపోయిందా?

జవాబు: చెడిపోలేదు. ఫార్మాట్ చేయమన్నప్పుడు మాత్రం సరేననవద్దు. చాలా టీవీలు రికార్డింగ్ కోసం పెట్టిన డ్రైవ్‌ను తమకు అనుకూలమైన పద్ధతిలో, తరచుగా లైనక్స్ వాడే పద్ధతిలో ఫార్మాట్ చేసుకుంటాయి, దాన్ని విండోస్ చదవలేక ఖాళీ అనుకుంటుంది. చదవగలిగే కంప్యూటర్ దొరికినా, లోపల ఉన్న ఫైలుకు ఆ టీవీ తాళం వేసి ఉండే అవకాశమే ఎక్కువ. ఉచిత ఛానెల్ నుంచి రికార్డు చేసినా కొన్ని టీవీలు తాళం వేస్తాయి. కొనేముందు దుకాణంలోనే ఒక నిమిషం రికార్డు చేయించి, ఆ డ్రైవ్‌ను ల్యాప్‌టాప్‌లో పెట్టి చూడటం కంటే నమ్మకమైన పరీక్ష లేదు, యజమానికి కొంత విసుగు కలిగినా అడగండి.

పెన్ డ్రైవ్ మీద నాకు మరో అభ్యంతరం ఉంది. ప్రత్యక్ష ప్రసారాన్ని మధ్యలో ఆపి వెనక్కి తిప్పుకునే సదుపాయాన్ని ఆన్ చేసి ఉంచితే, టీవీ వెలుగుతున్నంతసేపూ డ్రైవ్ మీద రాస్తూనే ఉంటుంది. సెకనుకు 8 మెగాబిట్ల హెచ్‌డీ ఛానెల్ అయితే ఒక రోజుకు 86 జీబీ పైమాటే. ఫోటోలు దాచుకోవడానికి చేసిన పెన్ డ్రైవ్ ఆ శ్రమకు తట్టుకోదు, ముందు వేడెక్కుతుంది, తర్వాత బొమ్మ తునకలుగా విరుగుతుంది, చివరికి ఒకరోజు టీవీ దాన్ని గుర్తించడమే మానేస్తుంది. దాని బదులు హార్డ్ డిస్కు వాడండి. అయితే పాత యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం 500 మిల్లీ ఆంపియర్ల కరెంటే ఇస్తుంది, కొన్ని డిస్కులకు తిరగడం మొదలుపెట్టే క్షణంలో అది చాలదు. డిస్కు నుంచి టిక్కు టిక్కుమనే శబ్దం వచ్చి, కాసేపటికి ఆగిపోయి, మళ్లీ మొదలవుతూ ఉంటే కారణం అదే కావచ్చు. సొంత అడాప్టర్ ఉన్న డిస్కును వాడి చూడండి.

ప్రశ్న: ఎంత పెద్ద హార్డ్ డిస్కు కొనాలి? ఒక్కొక్కరు ఒక్కొక్క లెక్క చెబుతున్నారు.

జవాబు: లెక్క ఒక్కటే, ఛానెల్ వేగం మారితే జవాబు మారుతుంది. సెకనుకు ఒక మెగాబిట్ వేగంతో వచ్చే ప్రసారం గంటకు 0.45 జీబీ స్థలం తీసుకుంటుంది. మామూలు ఛానెల్ 4 మెగాబిట్లతో వస్తే గంటకు 1.8 జీబీ, హెచ్‌డీ ఛానెల్ 8 మెగాబిట్లతో వస్తే 3.6 జీబీ, 4కె ప్రసారం 25 మెగాబిట్లతో వస్తే 11 జీబీకి కొంచెం పైన అవుతుంది. ఈ ప్రకారం 1 టీబీ డిస్కులో హెచ్‌డీ కార్యక్రమాలు సుమారు 275 గంటలు పడతాయి. కంప్యూటర్ అదే డిస్కును 931 జీబీ అని చూపిస్తే దుకాణదారు మోసం చేశాడనుకోకండి. డిస్కు తయారీదారు వెయ్యి చొప్పున, కంప్యూటర్ 1024 చొప్పున లెక్కిస్తాయి, అంతే.

ఒక ఇంట్లో ముగ్గురు చూసేవారుంటే 1 టీబీ చాలు. 8 టీబీ కొన్నవారు చూడని రికార్డింగుల గుట్టను పెంచుకోవడమే నేను ఎక్కువగా చూశాను. పరిమాణం మీద పెట్టే డబ్బును రెండో డిస్కు మీద పెట్టి, దాచుకోవలసిన వాటి నకలు అందులో ఉంచుకోవడం మేలు.

ఇదే ఉత్తరంలో మీరు అడిగిన రెండో సంగతి, మూడు గంటల సినిమా మూడు ముక్కలుగా ఎందుకు వచ్చిందన్నది. మీ డిస్కు ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటుంది. అందులో ఒక ఫైలు 4 జీబీకి మించకూడదు, హెచ్‌డీ ప్రసారమైతే 71 నిమిషాలకే ఆ హద్దు వస్తుంది. బాక్సు అక్కడ ఫైలును మూసి మరొకటి తెరుస్తుంది. మీ బాక్సు ఒప్పుకుంటే ఎన్‌టీఎఫ్‌ఎస్ లేదా ఎక్స్‌ఫ్యాట్ పద్ధతికి మార్చుకోండి, ఫార్మాట్ చేస్తే ఉన్నవన్నీ పోతాయి కనుక ముందుగా నకలు తీసుకోవడం మరువకండి.

ప్రశ్న: మా ఇంట్లో ఒకరు క్రికెట్ చూస్తుంటే మరొకరి సీరియల్ రికార్డు కావడం లేదు. రెండు ట్యూనర్లున్న బాక్సు కొన్నాము. అయినా కొన్ని ఛానెళ్లు కలిసి పనిచేస్తున్నాయి, కొన్నిటికి సిగ్నల్ లేదని వస్తోంది. డిష్ నుంచి వచ్చే ఒక్క కేబుల్‌కు స్ప్లిటర్ పెట్టి రెండు వైపులా ఇచ్చాము. బాక్సు లోపమేనా?

జవాబు: బాక్సులో లోపం లేదు, ఇబ్బంది స్ప్లిటర్ దగ్గర ఉంది. డిష్ ముందు చేతిలా చాచుకున్న కడ్డీ చివర ఉండి ఉపగ్రహ సంకేతాన్ని అందుకునే ఎల్‌ఎన్‌బీ ఏ క్షణంలోనైనా ఉపగ్రహ ప్రసారంలో ఒక భాగాన్నే కిందికి పంపుతుంది. ఏ భాగం కావాలో బాక్సే కేబుల్ ద్వారా చెబుతుంది. 13 వోల్టులు పంపితే ఒక ధ్రువణం, అంటే తరంగాలు ఊగే ఒక దిశ, 18 వోల్టులు పంపితే మరొకటి. దానికి తోడు 22 కిలోహెర్ట్జ్ సంకేతం పంపితే పై బ్యాండు, పంపకపోతే కింది బ్యాండు. ఈ రెండిటి కలయికతో మొత్తం నాలుగు భాగాలవుతాయి. మీ క్రికెట్ ఛానెల్‌కు 18 వోల్టులు, సీరియల్ ఛానెల్‌కు 13 వోల్టులు కావాలనుకోండి. ఒకే ఎల్‌ఎన్‌బీని ఒకే కేబుల్ మీద ఇద్దరు రెండు రకాలుగా ఆజ్ఞాపిస్తున్నట్లవుతుంది, అది ఒకరి మాటే వింటుంది. అదృష్టవశాత్తూ రెండు ఛానెళ్లూ ఒకే భాగంలో ఉన్నప్పుడు పనిచేయడం చూసి మీరు బాక్సును అనుమానించారు.

రెండు అవుట్‌పుట్లున్న ఎల్‌ఎన్‌బీ పెట్టించి రెండో కేబుల్ లాగించడం సూటి పరిష్కారం. గోడలో రెండో కేబుల్‌కు దారి లేకపోతే, ఒకే కేబుల్ మీద పలు ట్యూనర్లకు వేర్వేరు ఫ్రీక్వెన్సీలు కేటాయించే యూనికేబుల్ అనే పద్ధతి ఉంది, కానీ ఎల్‌ఎన్‌బీ, బాక్సు రెండూ దాన్ని ఒప్పుకోవాలి.

యాంటెన్నా ఉన్న ఇళ్లకు ఈ బాధ లేదు, స్ప్లిటర్ నిరభ్యంతరంగా వాడవచ్చు. అయితే రెండు దారుల స్ప్లిటర్‌లో ఒక్కో వైపుకు సుమారు 3.5 డెసిబెల్లు తగ్గుతుంది, అంటే సగానికన్నా తక్కువ బలమే చేరుతుంది. సిగ్నల్ ముందే అంచున ఉంటే రికార్డింగ్‌లో చదరాలు, కీచుమనే శబ్దాలు వస్తాయి. ఆ తర్వాత చాలామంది చేసే పని రికార్డర్‌ను తిట్టడం, ఆడలేక మద్దెల ఓడు అన్నట్లు.

తెలుసుకోదగిన సంగతి మరొకటుంది. డిజిటల్ ప్రసారంలో ఒకే ఫ్రీక్వెన్సీ మీద అనేక ఛానెళ్లు కలిసి ప్రయాణిస్తాయి. ఒక ట్యూనర్ ఆ ఫ్రీక్వెన్సీని పట్టుకుంటే దాని మీద ఉన్న ఛానెళ్లన్నీ దాని చేతిలో ఉన్నట్లే. వాటిలో రెండిటినో మూడిటినో ఒకేసారి రికార్డు చేసే సామర్థ్యం టీవీహెడ్‌ఎండ్ వంటి సాఫ్ట్‌వేర్లకు, కొన్ని బాక్సులకు ఉంది. కాబట్టి నాలుగు ట్యూనర్లు కావాలనుకునే ఇంటికి తరచుగా రెండే సరిపోతాయి.

ప్రశ్న: రాత్రి తొమ్మిదికి టైమర్ పెడితే కార్యక్రమం మొదటి నిమిషమో చివరి పది నిమిషాలో పోతున్నాయి. పాట చరణంలో ఉండగా ఆగిపోతే ఎంత బాధో మీకు తెలియదు.

జవాబు: తెలుసు. గడియారం ప్రకారం రికార్డు చేసే బాక్సుకు ప్రసారం ఆలస్యమైందన్న సంగతి తెలియదు. సెట్టింగులలో ముందు, వెనుక అదనపు నిమిషాలు పెట్టుకునే వీలు ఉంటుంది, ముందు 3 నిమిషాలు, వెనుక 15 నిమిషాలు పెట్టండి. ప్రత్యక్ష ప్రసారమయ్యే ఆటలకు, వేడుకలకు 60 నిమిషాలు కూడా ఎక్కువ కాదు. ఒక్క ట్యూనరే ఉంటే ఈ అదనపు నిమిషాలు మరో ఛానెల్‌లోని తరువాతి రికార్డింగుకు అడ్డు వస్తాయి, ఒకే ట్యూనర్ ఉన్న బాక్సును కొనవద్దని చెప్పడానికి నాకు ఇది మరో కారణం.

ప్రసారంతో పాటే ఇప్పుడు నడుస్తున్న కార్యక్రమం ఏది, తరువాతది ఏది అన్న సమాచారం కూడా వస్తూ ఉంటుంది. ఛానెల్ దాన్ని సక్రమంగా పంపితే, ఆ గుర్తు మారిన క్షణంలో మొదలై, మళ్లీ మారినప్పుడు ఆగే రికార్డర్లు ఉన్నాయి. అన్ని ఛానెళ్లూ అంత శ్రద్ధ చూపవు కాబట్టి, వారం రోజులు గమనించి చూడకుండా దాని మీద ఆధారపడవద్దు.

ప్రశ్న: తాళం గొడవ లేకుండా బాక్సు నుంచి వచ్చే హెచ్‌డీఎంఐ కేబుల్‌ను క్యాప్చర్ కార్డుకు ఇచ్చి రికార్డు చేయాలని చూశాను. శబ్దం లేదు, తెర నల్లగా ఉంది.

జవాబు: హెచ్‌డీఎంఐ దారిలో హెచ్‌డీసీపీ అనే మరో తాళం ఉంటుంది. బాక్సు, టీవీ ఒకదానినొకటి గుర్తుపట్టాకే బొమ్మ బయటికి వస్తుంది, క్యాప్చర్ కార్డును అది టీవీగా గుర్తించదు. కార్డు చెడిపోలేదు, తిరిగి ఇచ్చేయగలిగితే ఇచ్చేయండి. ఆ తాళాన్ని తప్పించే పరికరాల గురించి ఈ శీర్షికలో చెప్పము.

ప్రశ్న: అన్నీ యాప్‌లలో దొరుకుతున్న ఈ రోజుల్లో రికార్డింగ్ ఎందుకండీ?

జవాబు: మీరు చూసేవన్నీ యాప్‌లలో దొరుకుతూ ఉంటే అవసరం లేదు, ఆ డబ్బు మిగుల్చుకోండి. అయితే యాప్‌లో ఉన్న కార్యక్రమం హక్కుల గడువు ముగియగానే మాయమవుతుంది, స్థానిక వార్తలు, చర్చలు, ప్రత్యక్ష కచేరీలు చాలావరకు అసలు యాప్‌లోకి రానేరావు. ఇంటర్నెట్ నెమ్మదించిన సాయంత్రం కూడా రికార్డింగ్ ఆగకుండా నడుస్తుంది. నా మటుకు నేను సినిమాలు రికార్డు చేయడం మానేశాను, మాటలు, పాటలు మాత్రం మానలేదు.

ప్రశ్న: కంప్యూటర్‌ను రాత్రింబగళ్లు ఆన్ చేసి ఉంచితే కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది?

జవాబు: నిరంతరం 15 వాట్లు వాడే చిన్న కంప్యూటర్ ఏడాదికి సుమారు 131 యూనిట్లు తీసుకుంటుంది. పాత డెస్క్‌టాప్ 60 వాట్లు వాడితే 525 యూనిట్లు. పాతది ఊరికే వచ్చిందనుకున్నవారు ఈ లెక్క చూసుకోవాలి. రికార్డింగ్ సమయానికి తనంతట తాను మేల్కొని, పని అయ్యాక నిద్రపోయే ఏర్పాటు చాలా కంప్యూటర్లలో ఉంది, కానీ నిద్ర లేవని కంప్యూటర్ వల్ల పోయిన కార్యక్రమాలు నావి మూడున్నాయి. చిన్న కంప్యూటర్‌ను ఆపకుండా నడపడమే నాకు నచ్చింది.

ప్రశ్న: ఇంట్లో రికార్డు చేసుకోవడం చట్టవిరుద్ధమా?

జవాబు: దేశాన్ని బట్టి చట్టం మారుతుంది కనుక మీ దేశపు కాపీరైట్ చట్టంలో సొంత వాడకానికి సంబంధించిన భాగాన్ని చూసుకోవాలి. ఈ విషయంలో ప్రసిద్ధమైన తీర్పు అమెరికా సుప్రీంకోర్టుది. సోనీ బీటామ్యాక్స్ యంత్రం మీద సినిమా సంస్థలు వేసిన దావాలో, తీరిక వేళ చూసుకోవడానికి ఇంట్లో రికార్డు చేసుకోవడం న్యాయమైన వాడకమేనని 1984లో ఆ కోర్టు 5-4 తేడాతో తేల్చింది. పిల్లల కార్యక్రమాల నిర్వాహకుడు ఫ్రెడ్ రోజర్స్ ఆ కేసులో సాక్ష్యమిస్తూ, కుటుంబాలు తన కార్యక్రమాన్ని రికార్డు చేసుకుని వీలైనప్పుడు చూడటం పట్ల తనకు అభ్యంతరం లేదని చెప్పారు, తీర్పు ఆ మాటను ప్రస్తావించింది కూడా. రికార్డింగును అమ్మడం, ఇంటర్నెట్‌లో పెట్టడం వేరే సంగతి, వాటికి ఈ మినహాయింపు వర్తించదు.

ప్రశ్న: మా అమ్మగారు చిన్నతనంలో టీవీలో పాడిన పాట వీహెచ్‌ఎస్ క్యాసెట్‌లో ఉంది. దాన్ని కంప్యూటర్‌లోకి ఎలా ఎక్కించాలి? ఆలస్యం చేయవచ్చా?

జవాబు: ఆలస్యం చేయవద్దు. టేపు కన్నా ముందు దాన్ని తిప్పే యంత్రాలు అయిపోతున్నాయి. 1976లో వచ్చిన వీహెచ్‌ఎస్‌కు వీసీఆర్‌లు తయారుచేస్తూ వచ్చిన చివరి కంపెనీ, జపాన్‌కు చెందిన ఫునాయ్, 2016లో తయారీ ఆపేసింది. ఇప్పుడు ఉన్నవన్నీ పాతవే, మరమ్మతు తెలిసినవారు కూడా తగ్గిపోతున్నారు.

ముందుగా క్యాసెట్ కిటికీలోంచి టేపు చుట్ట అంచును వెలుగులో చూడండి. తెల్లని పొడిలాంటి మచ్చలు ఉంటే అది బూజు, అటువంటి క్యాసెట్‌ను మీ వీసీఆర్‌లో పెట్టవద్దు. టేపుతో పాటు దాన్ని చదివే యంత్రం తలలు కూడా పాడవుతాయి, ఆ బూజు తరువాతి క్యాసెట్‌కూ అంటుతుంది. శుభ్రం చేయడం తెలిసినవారికి ఇవ్వండి. టేపు శుభ్రంగా ఉంటే, ముందు అవసరం లేని ఒక క్యాసెట్‌ను ఆ వీసీఆర్‌లో ఆడించి చూడండి, యంత్రం టేపును నమలడం లేదని నమ్మకం కుదిరాకే అమ్మగారి క్యాసెట్‌ను ముట్టుకోండి.

వీసీఆర్ నుంచి పసుపు, తెలుపు, ఎరుపు తీగలను యూఎస్‌బీ క్యాప్చర్ పరికరానికి, దాన్ని కంప్యూటర్‌కు కలపాలి. బొమ్మ పైభాగం వంగి ఊగుతూ ఉంటే అది పాత టేపులకు సహజం. టైమ్ బేస్ కరెక్టర్ ఉన్న యంత్రం దొరికితే అది చాలావరకు సరిచేస్తుంది. రికార్డు చేసేటప్పుడు బొమ్మను మెరుగుపరిచే ఆప్షన్లన్నీ ఆపివేసి, వచ్చినది వచ్చినట్లు పెద్ద ఫైలుగా దాచండి. మెరుగులు తర్వాత నకలు మీద ఎన్నిసార్లైనా దిద్దుకోవచ్చు.

అన్నిటికన్నా ముందు చేయవలసిన పని ఒకటుంది. క్యాసెట్ వెన్ను మీద, ఎడమ చివరన, చిన్న ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది. అది ఉంటే వీసీఆర్ ఆ టేపు మీద కొత్తగా రికార్డు చేయగలదు. పొరపాటున ఎర్రచుక్క బటన్ మీద వేలు పడినా పాట చెరిగిపోకుండా ఉండాలంటే ఆ బిళ్లను స్క్రూ డ్రైవర్ మొనతో విరిచేయండి. ముందే విరిచి ఉండి, ఆ గుంట మీద ఎవరైనా సెల్లో టేపు అంటించి ఉంటే, దాన్ని పీకేసిన తర్వాతే క్యాసెట్‌ను యంత్రంలో పెట్టండి.